నాలుగు మిల్లీమీటర్ల గీత



ఎవరి స్మృతిలో మనమిక్కడ కలుసుకున్నామో ఆ టీచరుగారు మీలో చాలామందికి లెక్కలు చెప్పారు. నాకు మాత్రం ఆవిడ పేషెంటుగానే పరిచయం. ఆవిడ పోయినప్పుడు పేపర్లో వేయించిన ప్రకటనలో ‘అనారోగ్యంతో’ అని ఉంది. ఆ అనారోగ్యం పేరేమిటో ఈసారి వేదిక మీద చెప్పమని ఆవిడ పెద్దబ్బాయి, కోడలు ఇద్దరూ నన్ను అడిగారు. గర్భసంచి లోపొరకు వచ్చే క్యాన్సరు. చెప్పమని అడగడానికి వాళ్ళకు మూడేళ్ళు పట్టింది. అందుకు వాళ్ళను తప్పుపట్టను. డాక్టర్లమైన మేమే మా ఇళ్ళలో ఈ మాటలు మెల్లగా మాట్లాడతాం.

ముట్లాగిన తొమ్మిదేళ్ళకు ఆవిడకు ఎర్రబట్ట కనబడింది. రెండు రోజులుండి పోయింది. వేడి చేసిందనుకున్నారు. సబ్జా గింజలు నానబెట్టుకొని తాగారు, బార్లీ కాచుకున్నారు, ఆవకాయ మానేశారు. నెలన్నరకు మళ్ళీ కనబడింది. అప్పుడు ఒక స్కాన్ సెంటరుకు వెళ్ళి పొట్ట మీద స్కాన్ చేయించుకున్నారు. కాగితంలో గర్భసంచికి ఎదురుగా ‘నార్మల్’ అని వచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో దాచుకున్నారు. ఆ తర్వాత ఆరు నెలలపాటు రక్తం కనబడినప్పుడల్లా ఆ కాగితమే ఆవిడకు ధైర్యం. నా దగ్గరికొచ్చి కూర్చోగానే ముందు బల్ల మీద పెట్టింది కూడా దాన్నే. “స్కాన్ నార్మలేనండీ డాక్టరుగారూ, మా కోడలే ఊరుకోవడం లేదు” అన్నారు.

ఆ రిపోర్టు రెండుసార్లు చదివాను. లివరు ఎంతుందో ఉంది, కిడ్నీల పొడవు ఉంది. గర్భసంచి లోపొర మందం మాత్రం ఎక్కడా రాయలేదు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ రాయని అంకె గురించి. అది రాసినా ఎంతవరకు నమ్మాలో కూడా చెప్పాలి.

ముందు మన లెక్క సరిచూసుకుందాం. నెలసరి ఆగి పన్నెండు నెలలు నిండితే ముట్లుడిగినట్టు. మన దేశంలో అది సగటున 46 ఏళ్ళ ప్రాంతంలో జరుగుతుంది. ఆ తర్వాత చుక్క కనబడినా, బట్ట తడిసినా, గులాబీ రంగు నీళ్ళలా వచ్చినా అన్నిటికీ ఒకటే హెచ్చరిక. అలా రక్తం కనబడిన ప్రతి స్త్రీకీ క్యాన్సరున్నట్టు కాదు. ఎక్కువమందిలో హార్మోను తగ్గి పొర ఎండి, పల్చబడి, చిట్లడమే కారణం. 2018లో 129 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. రక్తం కనబడిన నూరుమందిలో తొమ్మిదిమందికి ఈ క్యాన్సరు ఉంది. అదే లెక్కను అటునుంచి చూస్తే, ముట్లుడిగాక ఈ క్యాన్సరు వచ్చిన నూరుమందిలో తొంభైమందికి రక్తం కనబడింది. ఇంత ముందుగా, ఇంత స్పష్టంగా కబురు పంపే క్యాన్సర్లు చాలా తక్కువ. కబురు అందుకొని గర్భసంచి దాటకముందే ఆపరేషను చేస్తే, సాధారణ రకాల్లో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా అయిదేళ్ళ తర్వాత కూడా బతికి ఉంటున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. మన దేశంలో రక్తం కనబడిందంటే గర్భాశయ ముఖద్వారాన్ని కంటితో చూడాలి. మన స్త్రీలలో లోపొర క్యాన్సరుకన్నా ఆ ముఖద్వారపు క్యాన్సరే చాలా ఎక్కువ, దాన్ని స్కాన్ తేల్చలేదు. పరీక్ష బల్ల ఎక్కించకుండా నేరుగా స్కాన్‌కు చీటీ రాసిచ్చే అలవాటు మాలో పెరుగుతోంది. అది పని తప్పించుకోవడమే.

ఇప్పుడు అల్ట్రాసౌండ్ దగ్గరికి వద్దాం. కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చెవి పెట్టి వినేవాళ్ళం గుర్తుందా? బీట ఉంటే మోత మారుతుంది. 1955లో స్కాట్లండ్‌లో ఇయాన్ డొనాల్డ్ అనే ప్రసూతి వైద్యుడు చేసింది కూడా దాదాపు అదే. యుద్ధకాలంలో వైమానిక దళంలో పనిచేసి రాడార్ సంగతులు తెలుసుకున్న మనిషి. గ్లాస్గో దగ్గర రెన్‌ఫ్రూలో బాయిలర్లు చేసే బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ కర్మాగారం ఉండేది. అక్కడ ఇనుప అతుకుల్లో బీటలు పట్టడానికి శబ్ద తరంగాలు వాడేవారు. ఆపరేషన్లలో తీసిన గడ్డలను కారు డిక్కీలో వేసుకొని డొనాల్డ్ ఆ కర్మాగారానికి వెళ్ళాడు. నీటి తిత్తి ఒకరకంగా, గట్టి గడ్డ మరోరకంగా ప్రతిధ్వనించాయి. 1958 జూన్‌లో జాన్ మెక్‌వికార్, టామ్ బ్రౌన్‌లతో కలిసి లాన్సెట్ పత్రికలో వ్యాసం వేశాడు. టామ్ బ్రౌన్ డాక్టరు కాదు, ఇంజనీరు. ఆయన లేకపోతే యంత్రమే లేదు. పొట్టలో నయం కాని క్యాన్సరని వదిలేసిన ఒక స్త్రీకి ఆ యంత్రం పెట్టి చూస్తే పెద్ద అండాశయపు తిత్తి అని తేలింది. తీసేశారు, ఆమె బతికింది.

అంటే కడుపులో బిడ్డను చూసే యంత్రంగా మనమెరిగిన దీని పేరు మొదట నిలబెట్టింది ఒక గడ్డ. అయినా మన ఊళ్ళలో స్కాన్ అంటే ఇప్పటికీ గర్భిణుల వ్యవహారమే. 1994 చట్టం పుణ్యమా అని ప్రతి స్కాన్ సెంటరు గోడ మీదా ‘ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు’ అనే బోర్డుంటుంది. ఆ బోర్డు ఉండాల్సిందే. కానీ దాని కింద, ఏడో నెల, తొమ్మిదో నెల కడుపులతో కూర్చున్న అమ్మాయిల మధ్య అరవై రెండేళ్ళ మనిషి వంతు కోసం కూర్చోవడం ఎలా ఉంటుందో మా టీచరుగారే చెప్పారు. “ఎవరికమ్మా స్కాను, కోడలికా అని అడిగిందండీ పక్కనావిడ. అవునన్నాను” అన్నారు నవ్వుతూ. అబద్ధమాడి, పొట్ట మీద మాత్రమే చేయించుకొని వచ్చేశారు.

పొట్ట మీద చేసే స్కాన్‌తో ఈ పని ఎందుకు సరిగా జరగదో చెప్తాను. ఒంట్లోని మెత్తని కణజాలంలో శబ్దం సగటున సెకనుకు 1,540 మీటర్ల వేగంతో పోతుంది. పొట్ట మీద పెట్టే ప్రోబు సాధారణంగా మూడున్నర మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. ఆ తరంగం పొడవు సుమారు 0.44 మిల్లీమీటరు. కొవ్వు, పేగులు, మూత్రసంచి దాటుకొని పోవాలి కాబట్టి అలాంటి మొరటు తరంగమే కావాలి. యోని ద్వారా పెట్టే సన్నని ప్రోబు గర్భసంచికి ఆనుకొని ఉంటుంది. దూరం పోనక్కర్లేదు కాబట్టి ఏడున్నర మెగాహెర్ట్జ్ వాడొచ్చు. అప్పుడు తరంగం 0.2 మిల్లీమీటరు. మనం కొలవాల్సింది నాలుగు మిల్లీమీటర్ల వస్తువు. గజం బద్దతో బియ్యపు గింజను కొలుస్తామా?

దీన్నే ట్రాన్స్‌వజైనల్ స్కాన్, పొట్టిగా టీవీఎస్ అంటారు. నర్సులు ‘లోపలి స్కాన్’ అంటారు, ఆ మాటే బాగుంది. దీనికి లీటరు నీళ్ళు తాగి ఉగ్గబట్టుకొని కూర్చోనక్కర్లేదు. మూత్రం పోసుకొని వచ్చి పడుకోవాలి. అయిదు పది నిమిషాల పని. ముట్లుడిగినవాళ్ళకు పొడితనం వల్ల కొంచెం ఇబ్బంది ఉంటుంది. జెల్ రాసి, చెప్పి చేస్తే చాలావరకు తగ్గుతుంది. ‘చెప్పి చేస్తే’ అన్నది వెనక వరసల్లో కూర్చున్న నర్సింగ్ విద్యార్థినులు గమనించాలి.

తెర మీద గర్భసంచిని పొడవునా నిలువుగా చూస్తే మధ్యలో తెల్లగా ఒక గీత కనబడుతుంది. ముందు గోడ పొర, వెనక గోడ పొర ఆనుకొని ఉన్నచోటు అది. ఎక్కడ ఎక్కువ లావుగా ఉందో అక్కడ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రెండు పొరలూ కలిపి కొలుస్తారు. మధ్యలో నీరుంటే దాన్ని వదిలేసి పొరలనే కూడతారు. గీత ఈ చివర నుంచి ఆ చివర దాకా కనబడితేనే ఆ కొలతకు విలువ. గర్భసంచి వాలి ఉన్నా, గడ్డలున్నా, ఇదివరకు ఆపరేషన్ మచ్చలున్నా కొందరిలో గీత సగంలో తెగిపోతుంది. అప్పుడు కనబడిన ముక్కను కొలిచి ‘3 మిల్లీమీటర్లు’ అని వేయడం తప్పు. ‘పూర్తిగా కనబడలేదు’ అని రాయాలి. కనబడకపోవడం పల్చగా ఉండడం కాదు. నా అనుభవంలో స్కాన్ రిపోర్టుల్లో అతి అరుదైన నిజాయితీ వాక్యం అది.

పొర లావెక్కడానికీ క్యాన్సరుకూ సంబంధమేమిటని అడగొచ్చు. నెలనెలా ఈస్ట్రోజెన్ పొరను పెంచుతుంది, ప్రొజెస్టిరాన్ దాన్ని పండించి రాలుస్తుంది. ముట్లుడిగాక అండాశయాలు పనిమానేసినా ఒంట్లోని కొవ్వు మాత్రం కొద్దికొద్దిగా ఈస్ట్రోజెన్ తయారుచేస్తూనే ఉంటుంది. రాల్చేది లేదు. నీళ్ళు పెడుతూ కోత మరిచిపోయిన చేను అది. అందుకే లావుగా ఉన్నవాళ్ళలో, షుగరున్నవాళ్ళలో, పిల్లలు పుట్టనివాళ్ళలో, అండాశయాల్లో నీటిబుడగల సమస్యతో ఏళ్ళ తరబడి నెలసరి సరిగా రానివాళ్ళలో ఈ జబ్బు ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మూడింట ఒకవంతుకు పైగా స్త్రీలు ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. ముందుముందు ఈ జబ్బు మన దగ్గర పెరుగుతుందని చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఇలాంటివాళ్ళందరికీ ఒకటే మంత్రం, డీ అండ్ సీ. మత్తిచ్చి, దారి వెడల్పు చేసి, చీకట్లో గోడలు గీకి, వచ్చినదాన్ని పరీక్షకు పంపేవాళ్ళం. బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్న డెబ్భై ఏళ్ళ మనిషికీ అదే. 1975లో ఒక పరిశీలన చేశారు. గర్భసంచి తీసే ముందు గీకి, తీశాక కోసి చూస్తే, పదిమందిలో ఆరుగురిలో లోపలి గోడ సగం కూడా గీకలేదని తేలింది. ఈ సంగతి మాకు చదివేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఆ మంత్రం నుంచి స్త్రీలను విడిపించింది 1995లో వచ్చిన నార్డిక్ దేశాల అధ్యయనం. ముట్లుడిగాక రక్తం కనబడిన 1,168 మందికి లోపలి స్కాన్ చేసి, ఆ తర్వాత అందరికీ డీ అండ్ సీ కూడా చేశారు. 114 మందికి క్యాన్సరు తేలింది. పొర 4 మిల్లీమీటర్లు, అంతకు లోపు ఉన్నవాళ్ళలో ఒక్కరికీ క్యాన్సరు లేదు. క్యాన్సరున్నవాళ్ళ పొర సగటు మందం 21 మిల్లీమీటర్లు. అంత తేడా! నాలుగు మిల్లీమీటర్ల గీత అలా పుట్టింది. 2018లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం కూడా మొదటిసారి రక్తం కనబడి, పొర నాలుగు, అంతకు లోపు ఉంటే ముక్క పరీక్ష (బయాప్సీ) అక్కర్లేదని, అలాంటివాళ్ళలో క్యాన్సరు లేదనే మాట నూటికి తొంభైతొమ్మిదికి పైగా నిలబడుతుందని చెప్పింది.

నా వాదం ఇక్కడే మొదలవుతుంది. అదే 4 మిల్లీమీటర్ల దగ్గర ఈ పరీక్ష ఎంతమంది క్యాన్సరు రోగులను పట్టుకుంటుందని 2010లో ఒక్కొక్క స్త్రీ వివరాలూ విడిగా తీసి లెక్కగడితే నూటికి 95 అని వచ్చింది. గీతను 3 మిల్లీమీటర్లకు దించితే 98. ఒకరేమో 99 అంటున్నారు, ఇంకొకరు 95 అంటున్నారు. ఏది నిజం? టీచరుగారైతే నల్లబల్ల మీద వేసి చూపించేవారు. వెయ్యిమందికి రక్తం కనబడింది. అందులో 90 మందికి క్యాన్సరుంది. నూటికి అయిదుగురు తప్పిపోతే నలుగురో అయిదుగురో దొరకరు. వెయ్యిలో సగంమందికి పొర పల్చగా ఉందనుకోండి. ఆ 500 మందిలో ఈ నలుగురైదుగురున్నారు. బయటినుంచి చూస్తే నూటికి తొంభైతొమ్మిది భద్రం. లోపలున్న ఆ అయిదుగురి నుంచి చూస్తే చేతిలో ‘నార్మల్’ కాగితం, ఒంట్లో క్యాన్సరు. రెండు జవాబులూ ఒప్పే.

ఆ నలుగురైదుగురిని మళ్ళీ మన దగ్గరికి తెచ్చేది ఏమిటి? మళ్ళీ కనబడిన రక్తం. అంతకుమించి వేరే దారి లేదు. అందుకే నాలుగు మిల్లీమీటర్ల మాట మొదటి రక్తస్రావానికి మాత్రమే చెల్లుతుంది. రెండోసారి కనబడితే అంకె ఎంతున్నా ముక్క తీయాల్సిందే. పల్చని పొర మీద పుట్టే, త్వరగా పాకే మొండి రకం క్యాన్సర్లు కూడా ఉన్నాయి. వాటికి మన గీతతో పనిలేదు. 2024లో అమెరికాలోని నల్లజాతి స్త్రీల మీద వచ్చిన అధ్యయనంలో నాలుగు మిల్లీమీటర్ల గీత దాదాపు పదిలో ఒక క్యాన్సరును వదిలేసింది. వాళ్ళలో ఆ మొండి రకాలూ ఎక్కువే, గీతను కనబడనివ్వని ఫైబ్రాయిడ్ గడ్డలూ ఎక్కువే. ఉత్తర ఐరోపా స్త్రీలను కొలిచి గీసిన గీత అందరి ఒంట్లోనూ ఒకేలా పనిచేస్తుందనుకోవడం అమాయకత్వం. మన గర్భసంచుల్లోనూ గడ్డలు తక్కువేం కాదు.

గీతకు పైన ఉంటే మాత్రం క్యాన్సరేనా? కాదు. చాలావరకు పాలిప్ అనే మెత్తని కాడ, లేదంటే క్యాన్సరు కాని పొర పెరుగుదల. ఇక్కడ స్కాన్ చేయగలిగిన మంచి పని ఇంకోటుంది. సన్నని గొట్టంతో కాస్త సెలైన్ లోపలికి పంపి చూస్తే మూసుకున్న పుస్తకం తెరుచుకున్నట్టు పొరలు విడిపోతాయి. కాడగా వేలాడేది వేరుగా, గోడంతా లావెక్కింది వేరుగా కనబడతాయి. ఏది కనబడినా చివరి మాట ముక్క పరీక్షదే. ఇప్పుడది మత్తు లేకుండా, సన్నని ప్లాస్టిక్ గొట్టంతో ఓపీలోనే అయిపోతుంది. రొమ్ము క్యాన్సరుకు టామాక్సిఫెన్ మాత్రలు వాడేవాళ్ళలో ఆ మందు వల్లే పొర లావుగా, బుడగలుగా కనబడుతుంది. వాళ్ళకు రక్తం కనబడితే అంకె చూస్తూ కూర్చోకూడదు.

ఈ మధ్య ఇంకో రకం వాళ్ళు వస్తున్నారు. రక్తం లేదు, నొప్పి లేదు. అమెరికా నుంచి పిల్లలు డబ్బు కట్టి హెల్త్ చెకప్ చేయించారు, రిపోర్టులో పొర 6 మిల్లీమీటర్లని వచ్చింది, నిద్ర కరువైంది. నాలుగు మిల్లీమీటర్ల గీత రక్తం కనబడినవాళ్ళ కోసం గీసింది. లక్షణమేదీ లేనివాళ్ళకు దాన్ని వర్తింపజేయకూడదు. అలాంటివాళ్ళలో 11 మిల్లీమీటర్లు దాటితేనే ముక్క పరీక్ష సంగతి ఆలోచించాలని 2004లోనే లెక్కగట్టి చెప్పారు. రక్తం కనబడిన తల్లికి అంకె రాయరు, ఏమీ లేని తల్లిని అంకెతో భయపెడతారు. రెండూ మా దగ్గరే జరుగుతున్నాయి.

భయపడ్డవాళ్ళు ఎక్కడికి పోతున్నారో కూడా చెప్పాలి. అదే 2019–21 సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎనిమిది నుంచి తొమ్మిదిమంది. పిల్లలు పుట్టేశారు, ఇక దానితో పనేముంది, ఉంచితే క్యాన్సరవుతుంది అన్న మాట ఎన్ని పల్లెల్లో విన్నానో. 2023లో సుప్రీంకోర్టు అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అడ్డుకొనే మార్గదర్శకాలు అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది. ముప్పై అయిదేళ్ళ కూలిమనిషి తెల్లబట్టకు గర్భసంచి పోగొట్టుకుంటోంది. అరవై రెండేళ్ళ టీచరుగారు ఎర్రబట్టకు సబ్జా గింజలు తాగుతున్నారు. లోపలి స్కాన్, ఓపీలో ముక్క పరీక్ష, ఈ రెండూ సకాలంలో సక్రమంగా జరిగితే మొదటామెకు కత్తి తప్పుతుంది, రెండో ఆవిడకు కత్తి సమయానికి అందుతుంది. ఈ రెంటికీ పెద్ద నగరం అవసరం లేదు. స్కాన్ యంత్రాలు ఇప్పుడు మన జిల్లాల్లో చిన్న పట్టణాల్లో కూడా ఉన్నాయి.

టీచరుగారికి నేను చేయించిన లోపలి స్కాన్‌లో 17 మిల్లీమీటర్లు వచ్చింది. ముక్క పరీక్ష అయిదు రోజుల్లో తేల్చింది. ఆపరేషన్‌లో చూస్తే జబ్బు అప్పటికే గర్భసంచి దాటింది. ఆ ఆరు నెలలు ఆదా అయి ఉంటే ఏమయ్యేదో కచ్చితంగా చెప్పలేను. ఆవిడ అడిగినప్పుడు కూడా అదే చెప్పాను.

ఇద్దరికి రెండు మనవులు. స్కాన్ చేసే సోదర వైద్యులకు: ముట్లుడిగిన స్త్రీ రిపోర్టులో ‘నార్మల్’ అనే మాటకు ముందు మిల్లీమీటర్లలో అంకె వేయండి, గీత పూర్తిగా కనబడకపోతే ఆ సంగతే రాయండి, ‘మళ్ళీ రక్తం కనబడితే ముక్క పరీక్ష’ అని కింద తెలుగులో ఒక వాక్యం వేయండి. సభలో ఉన్న కొడుకులకు, కూతుళ్ళకు, కోడళ్ళకు: ఇంటికెళ్ళాక పెద్దావిడ ఒంటరిగా ఉన్నప్పుడు చూసి, ముట్లాగిన తర్వాత ఎప్పుడైనా ఎర్రబట్ట కనబడిందా అని అడగండి. మొదటిసారి లేదనే అంటారు. నెల పోయాక మళ్ళీ అడగండి.